సి-పెప్టైడ్ సున్నా, కణాలు మాత్రం సజీవం: తొమ్మిది వారాల పాపలో మధుమేహం, ఒక కేస్ స్టడీ

ఆరు నెలలు నిండని బిడ్డలో మధుమేహం కనబడగానే టైప్ 1 అని రాసేసి, జీవితాంతం ఇన్సులిన్ తప్పదని తల్లిదండ్రులకు చెప్పేయడం ఇప్పటికీ అక్కడక్కడా జరుగుతోంది. ఆ మాట అనేముందు జన్యు పరీక్ష చేయించి తీరాలి. ఎందుకో ఈ పాప విషయంలో చాలా స్పష్టంగా కనబడింది కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

నేను పిల్లల హార్మోన్ జబ్బులు చూసే డాక్టర్ని. పిల్లల వార్డుల్లో, ఎమర్జెన్సీల్లో పనిచేసే తోటివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అయితే కణం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునే ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను.

వచ్చినప్పటి పరిస్థితి

పాపకు అప్పటికి తొమ్మిది వారాలు. నెలలు నిండాకే పుట్టింది గానీ పుట్టినప్పుడు బరువు 2.4 కిలోలే. కాన్పు మామూలుగానే జరిగింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగర్ లేదు. తల్లిదండ్రులు దగ్గరి బంధువులు కారు. ఇరువైపులా చిన్న వయసులో మధుమేహం వచ్చినవాళ్లు లేరు. రెండు మూడు రోజులుగా పాలు సరిగా తాగడం లేదు, వాంతులు, మగతగా పడి ఉంటోంది, ఊపిరి వేగంగా తీస్తోంది. ముందు చూపించిన చోట రక్తంలో ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయోటిక్స్ మొదలుపెట్టారు. ఈ వయసు బిడ్డ ఇలా వస్తే ఎవరైనా మొదట ఆలోచించేది ఇన్ఫెక్షన్ గురించే, అలా ఆలోచించడం అవసరం కూడా. దాంతోపాటే వేలి చివర నుంచో మడమ నుంచో ఒక్క రక్తపు బొట్టు తీసి షుగర్ చూడాలి, అంతే.

మా దగ్గరికి వచ్చేసరికి రెండు విషయాలు పొసగకుండా కనిపించాయి. నాలుక ఎండిపోయింది, నడినెత్తి లోపలికి కుంగింది, చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడుతోంది. అంతగా నీరు తగ్గిన బిడ్డకు మూత్రం దాదాపు ఆగిపోవాలి. డ్యూటీలో ఉన్న నర్సు డయపర్ విప్పితే అది బరువుగా, నిండా తడిసి ఉంది. "ఇప్పుడే మార్చానండీ, గంట కూడా కాలేదు" అంది తల్లి. రెండోది ఊపిరి. వేగంగానే కాదు, లోతుగా కూడా తీస్తోంది. స్టెత్ పెడితే ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. న్యుమోనియా లేకుండా అలా ఊపిరి తీస్తోందంటే శరీరం రక్తంలోని ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి నెట్టడానికి తంటాలు పడుతోందన్నమాట.

గ్లూకోమీటర్ అంకె కూడా చూపించలేదు, 'హై' అని మాత్రం చూపించింది. ల్యాబ్‌లో షుగర్ 584 మిల్లీగ్రాములు, రక్తం పీహెచ్ 7.02, బైకార్బొనేట్ 5, కీటోన్లు బాగా ఎక్కువ. తీవ్రమైన డయాబెటిక్ కీటోఎసిడోసిస్, అంటే ఇన్సులిన్ లేక కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి. అంత నీరు తగ్గినా మూత్రం ఆగకపోవడానికి కారణం కూడా షుగరే, అది మూత్రంలోకి పోతూ నీటిని లాక్కుపోతుంది. నెమ్మదిగా సెలైన్, గంట తర్వాత కిలోకు గంటకు 0.05 యూనిట్ల చొప్పున ఇన్సులిన్ డ్రిప్, పొటాషియం మీద నిఘా, మెదడు వాపు రాకుండా జాగ్రత్తలు. ఆ చికిత్స అందరికీ తెలిసిందే కాబట్టి దాని మీద ఆగను. రెండో రోజుకు ఆమ్లం విరిగింది, మూడో రోజుకు పాప తల్లి దగ్గర పాలు తాగింది.

గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి ఒక్క మాట. ఈ వయసులో రక్తంలో ఇంకా చాలా భాగం పిండదశ నాటి హిమోగ్లోబినే ఉంటుంది. అందుకే ఈ పరీక్ష తక్కువ అంకె చూపించి తప్పుదారి పట్టిస్తుంది. మామూలుగా ఉందని చూసి "ఇది ఒత్తిడి వల్ల పెరిగిన షుగర్ అయ్యుంటుంది" అనుకోకూడదు. మేము దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఏ రకం మధుమేహం?

ఎమర్జెన్సీ గడిచాక అసలు ప్రశ్న మొదలైంది. సి-పెప్టైడ్ పంపించాం. క్లోమంలో ఉండే బీటా కణం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు ప్రోఇన్సులిన్ అనే పెద్ద అణువును కత్తిరిస్తుంది. ఇన్సులిన్ ఒక ముక్క అయితే మిగిలే ముక్క సి-పెప్టైడ్. రెండూ ఒకే సంచి నుంచి సమానంగా బయటికి వస్తాయి. బయటి నుంచి ఇచ్చే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు కాబట్టి, బిడ్డ సొంత ఇన్సులిన్ ఎంతో ఇది చెబుతుంది. పాప రిపోర్టులో అది పరీక్షకు అందనంత తక్కువ, అంటే సున్నా కింద లెక్క.

చాలామంది ఇక్కడే తీర్పు ఇచ్చేస్తారు. సి-పెప్టైడ్ సున్నా కాబట్టి బీటా కణాలు చచ్చిపోయాయి, కాబట్టి టైప్ 1, కాబట్టి ఇన్సులిన్. సి-పెప్టైడ్ చెప్పేది ఇన్సులిన్ రక్తంలోకి రావడం లేదని మాత్రమే. కణం లేక రావడం లేదా, కణం ఉండి కూడా విడుదల చేయలేకపోతోందా అన్నది ఆ అంకెలో ఉండదు. ఈ కేసు మొత్తం ఆ తేడా మీదే నడిచింది.

టైప్ 1లో బీటా కణాల మీద దాడికి గుర్తుగా కనిపించే గాడ్, ఐఏ2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ యాంటీబాడీలు మూడూ నెగెటివ్. అది మాకు ఆశ్చర్యం కాలేదు. టైప్ 1లో రోగనిరోధక కణాలు బీటా కణాలను గుర్తించి, దాడి చేసి, చాలావాటిని నాశనం చేయడానికి సమయం పడుతుంది. తొమ్మిది వారాల బిడ్డలో ఆ పని అప్పుడే పూర్తవడం చాలా అరుదు. అంత చిన్న వయసులో నిజంగా ఆటోఇమ్యూన్ దాడి కనిపించినా, దాని వెనక ఫాక్స్‌పీ3 లాంటి ఒకే జన్యువు లోపం ఉండే అవకాశం ఎక్కువ. పుట్టిన మొదటి ఆరు నెలల్లో వచ్చే మధుమేహాన్ని నియోనేటల్ డయాబెటిస్ అంటాం. ఇది సుమారు లక్ష జననాల్లో ఒకరికి వస్తుంది. వీళ్లలో ఎక్కువమందికి కారణం ఏదో ఒక జన్యువులో దొరుకుతుంది.

పుట్టినప్పుడు బరువు తక్కువ ఉండటం ఇక్కడ పెద్ద ఆధారం. గర్భంలో బిడ్డ ఎదుగుదలకు బిడ్డ సొంత ఇన్సులినే ముఖ్యమైన హార్మోన్. నెలలు నిండి కూడా 2.4 కిలోలే ఉందంటే ఇన్సులిన్ కొరత పుట్టకముందే మొదలై ఉండాలి. కాబట్టి జబ్బుకు తొమ్మిది వారాలు కాదు, అంతకంటే ఎక్కువ వయసు.

మా ముందున్న అవకాశాలు ఇవి. ఆరో క్రోమోజోమ్‌లో 6క్యూ24 ప్రాంతం లోపం: ఇందులో మధుమేహం కొన్ని నెలల్లో తగ్గిపోయి, చాలామందిలో పెద్దయ్యాక మళ్లీ వస్తుంది. ఇన్సులిన్ జన్యువులోనే లోపం: వంకరగా మడతపడిన ప్రోఇన్సులిన్ బీటా కణంలో పేరుకుని కణాన్నే చంపుతుంది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ జన్యువు రెండు ప్రతులూ పాడవడం. క్లోమం సరిగా ఏర్పడకపోవడం: అల్ట్రాసౌండ్‌లో క్లోమం కనిపించింది, మలంలో కొవ్వు లేదు, కాబట్టి దీన్ని పక్కన పెట్టాం. తల్లిదండ్రులు దగ్గరి బంధువులైతే మొదట గుర్తు రావాల్సింది వోల్కాట్-రాలిసన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు, ఎందుకంటే అందులో తర్వాత కాలేయం హఠాత్తుగా దెబ్బతింటుంది. చివరిది, మేము ఎక్కువగా అనుమానించింది, కేఏటీపీ అనే పొటాషియం ఛానెల్ జన్యువులు, అంటే కేసీఎన్‌జే11, ఏబీసీసీ8. శాశ్వత నియోనేటల్ డయాబెటిస్‌కు ఇవే ఎక్కువగా దొరికే కారణాలు. బిడ్డ వార్డులో ఉండగానే రక్తం జన్యు ల్యాబ్‌కు వెళ్లింది. 6క్యూ24 లోపం మామూలు సీక్వెన్సింగ్‌లో కనబడదు కాబట్టి దానికి డీఎన్‌ఏ మీది రసాయన గుర్తులు చూసే మిథైలేషన్ పరీక్ష విడిగా అడిగాం.

ఇన్సులిన్‌తో గడిచిన వారాలు

రిపోర్టు వచ్చేలోపు ఇన్సులిన్‌తోనే నడిపించాలి. పెద్దవాళ్లకు తయారైన ఇన్సులిన్‌ను నాలుగు కిలోల బిడ్డకు ఇవ్వడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌లో అర యూనిట్ అంటే 0.005 మిల్లీలీటరు, ఒక చుక్కలో పదో వంతు. సిరంజిలో చిన్న బుడగ ఉన్నా డోసు మారిపోతుంది. దాన్ని పదో వంతుకు పలుచన చేసి తల్లికి నేర్పించాం. అయినా షుగర్ ఒక పూట 380, మరో పూట 50. బిడ్డ ఎప్పుడు తాగుతుందో, ఎంత తాగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇన్సులిన్ మాత్రం తాను వెళ్లాల్సిన వేగంలోనే వెళుతుంది. షుగర్ తగ్గినా బిడ్డ చెప్పలేదు. నిద్రపోతోందా, షుగర్ పడిపోయి మగతగా ఉందా అన్న టెన్షన్‌తో ఆ తల్లి చాలా రాత్రులు అలారం పెట్టుకుని లేచింది.

ఈ దశలోనే, జన్యు రిపోర్టు రాకముందే, బీటా కణం చేత ఇన్సులిన్ విడుదల చేయించే సల్ఫోనైల్ యూరియా మాత్ర వేసి చూడొచ్చు కదా అని కొందరు అడుగుతారు. రిపోర్టు బాగా ఆలస్యమయ్యే చోట, బిడ్డను ఆస్పత్రిలోనే ఉంచి, అలా ప్రయత్నించడంలో తప్పు లేదు. కానీ మాత్రకు స్పందించడమే రోగ నిర్ధారణ అనుకోకూడదు. 6క్యూ24 లోపం ఉన్న బిడ్డ కూడా కొంత స్పందించవచ్చు, లేదా తగ్గే సమయం వచ్చి దానంతటదే తగ్గవచ్చు. మాకు రిపోర్టు వచ్చే దారి ఉంది కాబట్టి ఆగాం.

ఒక్క అక్షరం

పాపకు నాలుగు నెలలు నిండుతుండగా రిపోర్టు వచ్చింది. ల్యాబ్ వాళ్లు సీక్వెన్సింగ్‌లో దొరికిన మార్పును పాత సాంగర్ పద్ధతిలో మళ్లీ నిర్ధారించి ఆ గ్రాఫ్ కూడా పంపారు. అందులో ప్రతి అక్షరానికీ ఒక రంగు శిఖరం. వరసగా ఒంటి శిఖరాలు పోతూ పోతూ, ఒక్క చోట రెండు రంగులు ఒకదాని మీద ఒకటి, సుమారు సగం సగం ఎత్తులో కనిపించాయి. ఒక ప్రతిలో జీ, మరో ప్రతిలో ఏ. కేసీఎన్‌జే11 జన్యువులో 602వ అక్షరం. సీజీటీ అన్న మూడక్షరాల సంకేతం సీఏటీ అయింది. దానివల్ల ప్రొటీన్‌లో 201వ స్థానంలో ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ వచ్చి కూర్చుంది. తల్లిదండ్రుల రక్తంలో అదే చోట ఒంటి శిఖరమే ఉంది. అంటే ఇది వాళ్ల నుంచి వారసత్వంగా రాలేదు, పాపలోనే కొత్తగా వచ్చింది. కేసీఎన్‌జే11 కేసుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఆ మార్పు ఏం చేస్తుందో తెలియాలంటే మామూలు బీటా కణంలో ఏం జరుగుతుందో చూడాలి. భోజనం తర్వాత గ్లూకోజ్ కణంలోకి వస్తుంది. గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని శక్తిగా మారే దారిలో పెడుతుంది. మైటోకాండ్రియా దాన్నుంచి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువును తయారుచేస్తుంది. అంటే రక్తంలో గ్లూకోజ్ ఎంతుందన్న సమాచారం కణం లోపల ఏటీపీ రూపంలోకి మారుతుంది. కణం పొరలో కేఏటీపీ ఛానెళ్లు ఉంటాయి. ఒక్కో ఛానెల్‌లో మొత్తం ఎనిమిది ప్రొటీన్ ముక్కలు. మధ్యలో రంధ్రం చుట్టూ నాలుగు కిర్6.2 ముక్కలు, వాటి బయట నాలుగు సర్1 ముక్కలు. ఆకలిగా ఉన్నప్పుడు వీటిలోంచి పొటాషియం బయటికి పోతూ ఉంటుంది, దాంతో కణం లోపలి వైపు విద్యుత్తు సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది, కణం నిశ్శబ్దంగా ఉంటుంది. ఏటీపీ పెరిగితే అది కిర్6.2కు అతుక్కుంటుంది, ఛానెల్ మూసుకుంటుంది. పొటాషియం పోవడం ఆగేసరికి వోల్టేజి పెరుగుతుంది, కాల్షియం ఛానెళ్లు తెరుచుకుంటాయి. లోపలికి దూసుకొచ్చిన కాల్షియం ఇన్సులిన్ సంచులను కణం పొరతో కలిపేస్తుంది. ఇన్సులిన్ రక్తంలో పడుతుంది.

కిర్6.2లోని 201వ ఆర్జినిన్ సరిగ్గా ఏటీపీ అతుక్కునే చోట ఉంది. అక్కడ హిస్టిడిన్ వస్తే ఏటీపీ పట్టు సడలుతుంది. కణంలో గ్లూకోజ్ కాలుతూనే ఉంటుంది, ఏటీపీ తయారవుతూనే ఉంటుంది, ఇన్సులిన్ సంచులు నిండుగానే ఉంటాయి. ఛానెల్‌కు మాత్రం మూసుకొమ్మన్న సంకేతం సరిగా అందదు.

ఒక ప్రతి బాగానే ఉన్నా జబ్బెందుకు వచ్చిందని పాప తండ్రి అడిగాడు. మంచి ప్రశ్న. ఛానెల్‌లో నాలుగు కిర్6.2 ముక్కలుంటాయి కదా, అవి మంచివీ మారినవీ సమానంగా తయారై ఎటుపడితే అటు కలిస్తే, నాలుగూ మంచివే అయిన ఛానెల్ పదహారింటిలో ఒక్కటే. దానికి తోడు బీటా కణం చాలా సున్నితమైనది. గ్లూకోజ్ ఎక్కువగా ఉన్నప్పుడు దాదాపు ఛానెళ్లన్నీ మూతపడి ఉండాలి. అప్పుడు కొద్దిపాటి పొటాషియం కారినా చాలు, వోల్టేజి పైకి లేవదు, కాల్షియం రాదు.

ఈ విషయం మనుషుల్లో దొరకడానికి ముందే ఎలుకల్లో కనబడింది. 1984లో ఫ్రాన్సెస్ యాష్‌క్రాఫ్ట్, ఆమె సహచరులు గ్లూకోజ్ ఇస్తే బీటా కణంలో ఒక పొటాషియం ఛానెల్ మూసుకుంటుందని చూపించారు. 1995లో దాని ప్రొటీన్ల జన్యువులు దొరికాయి. 2000లో కాలిన్ నికోల్స్ బృందం ఏటీపీకి లొంగని ఛానెల్‌ను బీటా కణాల్లో పెట్టి ఎలుకలను పుట్టిస్తే, వాటికి పుట్టిన కొద్ది రోజుల్లోనే తీవ్రమైన మధుమేహం వచ్చింది. 2004లో ఆనా గ్లోయిన్, ఆండ్రూ హాటర్స్‌లీ బృందం నియోనేటల్ డయాబెటిస్ ఉన్న పిల్లల్లో కేసీఎన్‌జే11 మార్పులను ప్రకటించింది. అక్కడికి ఇరవయ్యేళ్లు. ఏ జబ్బుకూ మందు వెతకకుండా కణం పొరలో విద్యుత్తు కొలుస్తూ కూర్చున్న పని అది. ఈ పాపకు అందిన చికిత్సకు పునాది అదే.

మందు మార్చడం

ఛానెల్ మూయడానికి ఏటీపీ పనికిరాదు, సరే. వేరే దారిలో మూయవచ్చా? ఆ దారి చాలా కాలంగా మన చేతుల్లోనే ఉంది. 1942లో ఫ్రాన్స్‌లోని మాన్‌పెలియేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మార్సెల్ జాన్‌బాన్ గమనించాడు. అది క్లోమం మీద పనిచేస్తోందని ఆగస్ట్ లూబాతియేర్ తేల్చాడు. టైప్ 2 వాళ్లకు దశాబ్దాలుగా ఇస్తున్న సల్ఫోనైల్ యూరియాలు ఆ దారిలో వచ్చినవే. అవి ఏటీపీ చోటుకు పోవు. పక్కనున్న సర్1 ముక్కకు అతుక్కుని ఛానెల్‌ను మూస్తాయి. అందుకే ఏటీపీ చోటు చెడినా ఇవి పనిచేయగలవు.

2006లో హాటర్స్‌లీ బృందం 49 మంది రోగులకు ఇన్సులిన్ మాన్పించి ఈ మాత్రలు ఇచ్చి చూసింది. 44 మంది ఇన్సులిన్ పూర్తిగా ఆపగలిగారు. హెచ్‌బీఏ1సీ సగటు పన్నెండు వారాల్లో 8.1 నుంచి 6.4 శాతానికి దిగింది. ఇన్సులిన్ ఆపినా షుగర్ మెరుగుపడటమే ఇక్కడ గమనించాల్సింది.

తల్లికి మాత్ర సంగతి చెబితే మొదట భయపడింది. "అది పెద్దవాళ్ల షుగర్ మాత్ర కదండీ డాక్టర్ గారూ, పసిపిల్లకి ఎలా ఇస్తారు? పైగా డోసు పెద్దవాళ్లకంటే ఎక్కువంటున్నారు." ఆమె భయం సమంజసమే. కిలో లెక్కన చూస్తే ఈ పిల్లలకు ఇచ్చేది టైప్ 2 వాళ్లకిచ్చే దానికంటే ఎక్కువే. ఆమెతో ఇలా చెప్పాను: "అమ్మా, మీ పాప క్లోమంలో ఇన్సులిన్ ఉంది. అది గడియ పడని తలుపున్న గదిలాంటిది, ఎన్నిసార్లు వేసినా తెరుచుకుంటోంది. ఈ మాత్ర ఆ తలుపును పక్కనుంచి నొక్కి పట్టుకుంటుంది. తలుపు పడితేనే లోపలి పని మొదలవుతుంది." ఆమె కాసేపు ఆగి, "అంటే ఇన్నాళ్లూ దాని ఒంట్లో ఇన్సులిన్ ఉందా?" అని అడిగింది. ఉంది.

పాపను వార్డులో చేర్చుకుని మొదలుపెట్టాం. అప్పుడు బరువు 5.6 కిలోలు. ముందే ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం లేదని చూసుకున్నాం, ఎందుకంటే ఆ లోపం ఉన్నవాళ్లలో ఈ మందులతో ఎర్రకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. ఎంచుకున్న మందు గ్లిబెన్‌క్లమైడ్, కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు, పాలకు ముందు. 5 మిల్లీగ్రాముల మాత్రను మెత్తగా నూరి 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము వస్తుంది. ఇది నీటిలో కరగదు, అడుగుకు దిగిపోతుంది. కలిపి, ఊపి, ఆ వెంటనే సిరంజిలోకి లాగాలి. ఊపకుండా పైనుంచి తీస్తే బిడ్డకు అందేది దాదాపు నీరే. సీసా చివర మిగిలింది ఇస్తే డోసు రెట్టింపు. యూరప్‌లో 2018లో దీనికి పిల్లల కోసం తయారైన ద్రవరూపం అనుమతి పొందింది. దొరికే చోట అదే వాడాలి.

మొదటి రోజే రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను సగానికి తగ్గించాం. మాత్ర డోసును రోజూ కిలోకు 0.2 మిల్లీగ్రాము పెంచుకుంటూ పోయాం. మొదటి రెండు రోజులు షుగర్‌లో మార్పేమీ లేదు. తండ్రి చార్టు ముందు నిలబడి అంకెలు చూసి వెళ్లిపోయేవాడు. డోసు కిలోకు రోజుకు 0.6 మిల్లీగ్రాములకు చేరిన రోజు సాయంత్రం పాలకు ముందు షుగర్ 142. ఆ పూట ఇన్సులిన్ ఆపి చూశాం. తర్వాతి పాలకు ముందు 118. మర్నాడు తెల్లవారుజామున 61కి దిగితే వెంటనే పాలు పట్టించి, మిగిలిన కొద్దిపాటి ఇన్సులిన్ కూడా ఆపేశాం. 0.8 దగ్గర డోసు నిలిపాం. అయిదో రోజుకు పాపకు ఒక్క ఇంజెక్షన్ కూడా లేదు. పాల తర్వాత తీసిన సి-పెప్టైడ్ 1.1 నానోగ్రాములు. రెండు నెలల కిందట పరీక్షకే అందని అంకె అది. కణాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ అవే.

ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గది కొన్నాళ్లు పలుచటి విరేచనాలు. వాటంతట అవే తగ్గాయి.

ఒక సందేహం సహజంగా వస్తుంది. మాత్ర ఛానెల్‌ను మూసి ఉంచుతుంటే ఇన్సులిన్ ఎప్పుడూ కారుతూ ఉండాలి కదా, బిడ్డ పాలు తాగకపోయినా షుగర్ పడిపోదా? జరిగేది అలా కాదు. ఛానెల్ మూసుకుంటే కణం తిరిగి పనిచేసే స్థితికి వస్తుంది, అంతే. ఆ తర్వాత తిండి పేగులోకి చేరగానే అక్కడి నుంచి వచ్చే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు విడుదలను పెంచుతాయి, తిండి లేనప్పుడు ఆ ఊపు తగ్గుతుంది. 2006 పరిశోధనలోనూ రక్తనాళంలోకి నేరుగా గ్లూకోజ్ ఇచ్చినప్పటికంటే నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఇన్సులిన్ స్పందన మెరుగ్గా ఉంది. పదేళ్ల పాటు ఇలాంటి 81 మందిని గమనించి 2018లో ప్రచురించిన పరిశోధనలో 75 మంది మాత్రతోనే కొనసాగుతున్నారు, తీవ్రమైన షుగర్ డౌన్ ఎవరిలోనూ నమోదు కాలేదు.

ఇప్పుడు

పాపకు మూడేళ్లు దాటాయి. హెచ్‌బీఏ1సీ 5.8. బరువు పెరుగుతున్నా మాత్ర పెద్దగా పెంచాల్సిన పని రాలేదు. కిలో లెక్కన చూస్తే డోసు 0.3 దగ్గరికి దిగింది, ఈ పిల్లల్లో అలా తగ్గడం మామూలే. ఎత్తు, బరువు వయసుకు తగ్గట్టు ఉన్నాయి. తల్లి ఇప్పుడు రాత్రిళ్లు అలారం పెట్టుకోవడం లేదు.

కానీ మధుమేహం ఒక్కటే చూసి ఈ కేసు ముగించడం సరికాదు. ఈ ఛానెల్ మెదడులోనూ, కండరాల్లోనూ ఉంది. కొన్ని మార్పుల్లో మధుమేహంతో పాటు ఎదుగుదల ఆలస్యం, మూర్ఛ కూడా వస్తాయి. 59వ స్థానంలో వాలిన్ బదులు మిథియోనిన్ వచ్చే మార్పులో నడక, మాట బాగా ఆలస్యమవుతాయి. ఆ పిల్లల్లో మాత్ర షుగర్‌ను అదుపులో పెట్టినా మెదడుకు కొంతవరకే మేలు చేస్తుంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదని గమనించారు. మా పాపకున్న 201వ స్థానం మార్పులో సాధారణంగా మధుమేహమే ప్రధానం. అయినా చూపు, చేతి కదలిక కలిసి చేయాల్సిన పనుల్లో, ఏకాగ్రతలో చిన్న ఇబ్బందులు ఉండవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. పాప మాటలు సమయానికే వచ్చాయి. దిమ్మెలు పేర్చేటప్పుడు, గీత వెంబడి గీయమన్నప్పుడు మాత్రం త్వరగా వదిలేస్తోంది. అది వయసు వల్ల కూడా కావచ్చు. అల్లరి అని తోసిపుచ్చకుండా చూస్తున్నాం.

తల్లిదండ్రులు రెండో బిడ్డ గురించి అడిగారు. ఇద్దరి రక్తంలోనూ మార్పు లేదు కాబట్టి మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. సున్నా అనలేం. రక్తంలో కనిపించకుండా అండాల్లోనో వీర్యకణాల్లోనో కొన్నింటిలో మాత్రమే మార్పు ఉన్న కుటుంబాలు నమోదయ్యాయి. అందుకే తర్వాత పుట్టే బిడ్డకు పుట్టగానే షుగర్ చూడమని, ఈ ఒక్క మార్పు కోసం పరీక్ష చేయించమని రాసి ఇచ్చాం. పాప పెద్దయ్యాక తన పిల్లలకు వచ్చే అవకాశం మాత్రం సగం.

ఇదే ఛానెల్‌లో మార్పు ఇంకో దిశలో జరిగితే, అంటే ఛానెల్ తెరుచుకోకుండా పోతే, ఇన్సులిన్ ఆగకుండా కారుతుంది. పుట్టిన గంటల్లోనే షుగర్ అడుగంటిపోయే కంజెనిటల్ హైపరిన్సులినిజం వస్తుంది. అక్కడ ఛానెల్‌ను తెరిచే డయాజాక్సైడ్ ప్రయత్నిస్తాం, కొందరికి అది కూడా పనిచేయదు. ఒకే జన్యువు, రెండు ఎదురెదురు జబ్బులు, రెండు ఎదురెదురు మందులు. "కేసీఎన్‌జే11లో మార్పు ఉంది" అన్న ఒక్క వాక్యం రిపోర్టులో చదివి సరిపెట్టుకోకూడదు. ఏ మార్పు, అది ఛానెల్‌ను ఏం చేస్తుంది అన్నది చూడకుండా మందు రాయకూడదు.

వార్డుల్లో ఉన్న తోటివాళ్లకు ఇంకొక విషయం చెప్పాలి. ఈ పరీక్షలు అందుబాటులోకి రాకముందు పుట్టి, పసితనంలో టైప్ 1 అని రాయించుకుని, ఇప్పటికీ ఇన్సులిన్ తీసుకుంటున్న పెద్దవాళ్లు మన క్లినిక్కుల్లో ఉన్నారు. "షుగర్ ఎన్నో ఏట వచ్చింది?" అని అడిగితే "చిన్నప్పుడే" అంటారు. అక్కడ ఆగకుండా ఎన్నో నెలలో అని అడగాలి. ఆరు నెలల లోపే అయితే, వాళ్లకు ఇప్పుడు ఎన్నేళ్లున్నా జన్యు పరీక్ష పంపాలి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే బీటా కణాలు తమ స్వభావం కోల్పోతాయని ఎలుకల్లో తేలింది. వయసు పెరిగేకొద్దీ మాత్రకు మారడం కష్టమవడానికి అదొక కారణం కావచ్చు. అయినా పెద్ద వయసులో మారినవాళ్లు ఉన్నారు. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య వచ్చి, యాంటీబాడీలు నెగెటివ్ అయిన పిల్లలకు కూడా నేను పరీక్ష పంపుతాను.

పాపను బడిలో వేసేలోపు మాటలు, చేతి పని, ఏకాగ్రత మూడింటికీ పూర్తి పరీక్ష చేయించాలని నిర్ణయించాం. మూడు నెలలకోసారి షుగర్ చార్టు, హెచ్‌బీఏ1సీ చూస్తున్నాం. వాంతులై మందు నిలవని రోజు ఏం చేయాలో, బడిలో షుగర్ తగ్గితే ఏం పెట్టాలో టీచర్ల కోసం ఒక పేజీలో రాసి తల్లికి ఇచ్చాం.